ఎలివేషన్ బొమ్మ చాలు, గ్రౌండ్ ఫ్లోర్ ప్లాన్ వెయ్యండి

ఎడిటర్ గారికి,

నమస్కారం. మొన్న ఆదివారం మీ పేపర్లో అమరావతి సెక్రటేరియట్ టవర్ల బొమ్మ సగం పేజీ వేశారు. బాగుంది. ఆకాశం బాగుంది, చెట్లు బాగున్నాయి, ఎన్ని అంతస్తులో ఎన్ని మీటర్లో ఎన్ని కోట్లో అంతా వివరంగా రాశారు. కళ్ళజోడు పెట్టుకుని మరీ వెతికాను, ఒక్క సంగతి మాత్రం కనపడలేదు. బస్సు దిగిన మనిషి ఆ టవర్లోకి ఎటునుంచి వెళ్తాడు? ఎండలో ఎంత దూరం నడవాలి? లోపలికి పిలిచేదాకా ఎక్కడ కూర్చోవాలి?

బొమ్మ గీసినవాళ్ళు గాల్లో నిలబడి గీశారు. డ్రోన్ ఉన్నవాళ్ళు తప్ప ఎవరూ అక్కణ్ణుంచి చూడరు. మనమంతా చూసేది ఆటో దిగి, చిల్లర లెక్కపెట్టుకుంటూ, తలెత్తి.

నేను విజయవాడ సూర్యారావుపేటలో ప్లాన్లు గీసే ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసి మానేసినవాణ్ణి. రోట్రింగ్ పెన్నులు, ట్రేసింగ్ పేపరు, కళ్ళు మండే అమోనియా ప్రింట్ల కాలం నుంచి కంప్యూటర్ దాకా చూశాను. మా లైన్లో అందరికీ తెలిసిన సంగతి ఒకటుంది. కట్టించుకునే పార్టీకి ఎలివేషన్, అంటే బయటికి కనిపించే బొమ్మ, చూపిస్తే అడ్వాన్సు వస్తుంది, అసలు గొడవంతా గ్రౌండ్ ఫ్లోర్ ప్లాన్ దగ్గర ఉంటుంది. ర్యాంపు ఎక్కడ, లిఫ్టు ఎక్కడ, ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కడ, సెట్‌బ్యాక్ (చుట్టూ వదలాల్సిన ఖాళీ) ఎంత, వాచ్‌మన్ గది ఎక్కడ, బాత్రూం ఎక్కడ అన్నీ ఆ ఒక్క షీట్ మీదే కొట్టుకుంటాయి. బిల్డింగ్ మంచిదో కాదో ఆ షీట్ చూస్తే తెలిసిపోతుంది. పైన ముప్ఫై అయిదు అంతస్తులూ ఒకే ప్లాన్, దాని కింద ‘టిపికల్ ఫ్లోర్’ అని రాసి పడేస్తాం. అందుకే మీ పేపరుకి నా విన్నపం: ఏ పెద్ద బిల్డింగ్ బొమ్మ వేసినా పక్కన దాని గ్రౌండ్ ఫ్లోర్ ప్లాన్ కూడా వెయ్యండి. ఎందుకు అడుగుతున్నానో కాస్త పొడుగ్గా చెప్తాను, కత్తిరించి వేసుకున్నా ఫరవాలేదు.

అంతస్తుల లెక్క మీద మనవాళ్ళ మోజు ఇవాళ్టిది కాదు. మా చిన్నప్పుడు మద్రాసు వెళ్ళొచ్చినవాణ్ణి మెరీనా చూశావా అని అడిగాక రెండో ప్రశ్న ఎల్ఐసీ బిల్డింగ్ చూశావా అనే. చూసినవాడు మెడ వెనక్కి వాల్చి ఎంత ఎత్తో చూపించేవాడు. ఒకరు పన్నెండంతస్తులంటే ఒకరు పద్నాలుగనేవారు, ఇంకొకరు పదిహేను. ఏది కలుపుకుని ఏది వదిలేస్తారో దాన్ని బట్టి లెక్క మారేది, దాని మీద పందాలు కూడా నడిచేవి. ఎత్తు మాత్రం 177 అడుగులు. ఇవాళ బెంజి సర్కిల్ దగ్గర అపార్టుమెంట్ల పక్కన పెడితే పెద్దగా ఆనదేమో గానీ 1959లో అది దేశానికే వింత.

దాన్ని తలపెట్టింది ఎల్ఐసీ కాదు, అప్పటికి ఎల్ఐసీయే పుట్టలేదు. ఇండియన్ ఓవర్సీస్ బ్యాంకు స్థాపించిన ఎం.సీటీ.ఎం. చిదంబరం చెట్టియార్ తన యునైటెడ్ ఇండియా బీమా కంపెనీ కోసం 1953లో పని మొదలుపెట్టించారు. క్రికెట్ స్టేడియానికి ఉన్న పేరు ఈయనది అనుకుంటారు చాలామంది, ఆ చిదంబరం వేరే, ఆయన ఎం.ఎ. చిదంబరం. పని మొదలైన మరుసటేడే, 1954 మార్చిలో, సింగపూర్‌లో విమానం ప్రమాదానికి గురై చెట్టియార్ పోయారు. 1956లో జీవిత బీమా కంపెనీలన్నిటినీ కేంద్రం తీసేసుకుని ఎల్ఐసీ పెట్టింది. డిజైన్ మొదలుపెట్టిన లండన్ ఆర్కిటెక్టులు బ్రౌన్, మౌలిన్ మధ్యలో తప్పుకుంటే మద్రాసులో పేరున్న ఎల్.ఎం. చిటాలే పూర్తిచేశారు. 1959 ఆగస్టు 23న అప్పటి ఆర్థికమంత్రి మొరార్జీ దేశాయ్ వచ్చి ప్రారంభించారు. అంటే కట్టించాలనుకున్న మనిషి లేడు, కంపెనీ లేదు, గీసినవాళ్ళు లేరు, బిల్డింగ్ మాత్రం లేచి నిలబడింది.

ఎత్తు సంగతి పక్కన పెడితే మద్రాసుకి దానివల్ల వచ్చిన పెద్ద మార్పు గోడలో ఉంది. అంతకుముందు పెద్ద కట్టడాలంటే ఇటుక, సున్నం. గోడే బరువు మోసేది, ఎత్తు పెంచాలంటే కింద గోడ లావు పెంచుకుంటూ పోవాలి. మన వన్‌టౌన్‌లో పాత మేడల కిటికీలు చూడండి, పిల్లాడు కాళ్ళు ముడుచుకుని కూర్చునేంత మందం గోడలు. పిల్లర్లూ బీములూ వచ్చాక బరువంతా వాటి మీదికి పోయింది. ఇక గోడకి ఎండా వానా ఆపడం తప్ప పనేముంది? అది ఇటుకైనా ఒకటే, రేకైనా ఒకటే, అద్దమైనా ఒకటే.

ఈ పద్ధతి మొదలైంది షికాగోలో అంటారు, 1885 నాటి పదంతస్తుల హోం ఇన్సూరెన్స్ బిల్డింగ్‌తో. అదీ బీమా కంపెనీదే చూడండి. మేడలు కట్టే డబ్బు ఎక్కడైనా మనం కట్టే ప్రీమియంలలోంచే వస్తుంది కాబోలు. దానికి ముందే 1854లో ఓటిస్ అనే ఆయన న్యూయార్క్‌లో లిఫ్టు మీద తాను నిలబడి, జనమంతా చూస్తుండగా తాడు తెగ్గొట్టించి, కింద పడకుండా ఆగిపోయే ఏర్పాటు చూపించాడు. ఆ ధైర్యం ఇవ్వకపోతే ఆరో అంతస్తుకి అద్దె ఎవడిస్తాడు?

ఇక గోడకి పనిలేదు కదా అని దాన్ని పూర్తిగా అద్దం చేసేద్దామని పట్టుబట్టిన మనిషి మీస్ వాన్ డెర్ రోహ్. జర్మనీలో ఆఖెన్ అనే ఊళ్ళో 1886లో పుట్టాడు, రాయి చెక్కే మేస్త్రి కొడుకు. 1921లోనే బెర్లిన్‌లో కింది నుంచి పైదాకా అద్దాల మేడ గీశాడు, ఎవరూ కట్టలేదు. తను నడుపుతున్న బౌహౌస్ అనే డిజైన్ స్కూలు నాజీల రోజుల్లో మూతపడ్డాక 1938లో షికాగో వెళ్ళి అక్కడ కాలేజీలో పాఠాలు చెప్పుకున్నాడు. ఆయన డెబ్బై దాటాక, 1958లో, న్యూయార్క్ పార్క్ ఎవెన్యూలో పూర్తయింది సీగ్రామ్ బిల్డింగ్. 38 అంతస్తులు, 515 అడుగులు. అప్పటి నుంచి ఇప్పటిదాకా ప్రపంచంలో ఏ ఊళ్ళో నల్లద్దాల ఆఫీసు డబ్బా లేచినా దాని మూలం వెతుక్కుంటూ పోతే ఇక్కడే తేలతాం.

అది ఆయన చేతికి రావడం ఒక ఉత్తరం పుణ్యం. సీగ్రామ్ అంటే అప్పట్లో కెనడా వాళ్ళ విస్కీ కంపెనీ. యజమాని శామ్యూల్ బ్రాన్ఫ్‌మన్ 1954లో వేరే వాళ్ళ చేత డిజైన్ గీయించాడు. పారిస్‌లో ఉంటున్న కూతురు ఫిలిస్ లాంబర్ట్ ఆ బొమ్మ చూసింది, ఆమెకి అప్పుడు 27 ఏళ్ళు. వద్దు, వద్దు, వద్దు అని మొదలుపెట్టి నాన్నకి పేజీలకి పేజీలు రాసింది. మన ఇళ్ళల్లో అయితే ఆడపిల్లకి బిల్డింగ్‌ల సంగతెందుకు అని కొట్టిపారేసేవాళ్ళమేమో. ఆయన మాత్రం ఆర్కిటెక్టుని వెతికే పని ఆమెకే అప్పజెప్పాడు. ఆమె పెద్దపెద్దవాళ్ళని కలిసి, కనుక్కుని, మీస్‌ని పట్టుకొచ్చింది. న్యూయార్క్ ఆర్కిటెక్టు ఫిలిప్ జాన్సన్ జతకలిశాడు.

మధ్యలో ఇంకో తమాషా. న్యూయార్క్‌లో పనిచేయాలంటే లైసెన్సు కావాలి, లైసెన్సు కావాలంటే హైస్కూలు చదివినట్టు రుజువు కావాలన్నారు. ప్రపంచమంతా చేతులెత్తి మొక్కే మనిషిని, ఆ వయసులో! ఆయన షికాగో వెళ్ళిపోయి కూర్చున్నాడు, కొన్నాళ్ళకి ఎలాగో సర్దుబాటైంది. ఆఫీసు అంటే అక్కడైనా ఇక్కడైనా ఒకటే అని తెలిసి నాకు ఎంత ఊరట కలిగిందో చెప్పలేను.

ఆ బిల్డింగ్ ఫ్రేము ఉక్కు. ఫైర్ రూల్స్ ప్రకారం ఉక్కుని కాంక్రీట్‌తో కప్పెయ్యాలి. కట్టడం దేని మీద నిలబడిందో బయటికి కనపడాలని మీస్ పట్టుదల, కప్పేస్తే కనపడదు. ఏం చేశాడంటే బయట కంచు ఐ సెక్షన్లు, అంటే ఇంగ్లీషు I అక్షరంలా ఉండే కమ్ములు, నిలువునా పైదాకా బిగించాడు. బిల్డింగ్ బరువు వాటి మీద లేదు, లోపలున్న ఉక్కుకి అవి బయటి ఆనవాళ్ళు. నిజాయితీ కోసం వేషం వేయించాడన్నమాట, దీని మీద ఆర్కిటెక్టులు ఇప్పటికీ వాదించుకుంటారు. కంచు గాలికి రంగు మారుతుంది కాబట్టి నూనె పట్టించి తుడుస్తూ ఉండాలి. కిటికీ తెరలు మూడు చోట్లే ఆగుతాయి, పూర్తిగా పైన, సగంలో, పూర్తిగా కింద. తలో రకంగా లాగితే బయటికి గజిబిజిగా కనపడుతుందని ఆ ఏర్పాటు. ఇది మాత్రం నాకు అతి అనిపిస్తుంది. కళ్ళల్లో ఎండ కొడుతున్న గుమాస్తాకి మీ గీతల అందంతో ఏం పని?

ఇవన్నీ పుస్తకాల్లో ఉండేవే. నాకు ముఖ్యం కింద జరిగిన సంగతి. న్యూయార్క్‌లో 1916 నుంచి ఒక రూల్ ఉండేది. రోడ్డు మీద వెలుతురు పోకూడదు కాబట్టి పైకి వెళ్ళేకొద్దీ బిల్డింగ్ వెనక్కి జరగాలి, మెట్లు మెట్లుగా. అదే రూల్లో ఇంకో వెసులుబాటు, స్థలంలో నాలుగో వంతులోనే టవర్ లేపితే ఎంత ఎత్తైనా తిన్నగా పోవచ్చు. బిల్డర్లు దాని జోలికి పెద్దగా పోలేదు, కింద ఖాళీ వదిలితే అద్దె పోతుంది కదా, స్థలం అంచుదాకా కట్టుకుంటూ మెట్లు మెట్లుగా పైకి పోయారు. మీస్ ఆ వెసులుబాటు పట్టుకుని టవర్‌ని రోడ్డు నుంచి దాదాపు 90 అడుగులు వెనక్కి జరిపాడు. పార్క్ ఎవెన్యూలో 90 అడుగులు! మా ఆఫీసులో మూడడుగుల సెట్‌బ్యాక్ కోసం పార్టీలు పెట్టిన కన్నీళ్ళు నాకు గుర్తున్నాయి.

మా అబ్బాయి న్యూజెర్సీలో ఉంటాడు. అక్కడికి వెళ్ళినప్పుడు లిబర్టీ విగ్రహం అయ్యాక ఇక్కడికి తీసుకెళ్ళమని పట్టుబట్టాను. వాడు చుట్టూ చూసి, నాన్నా ఇక్కడ చూడ్డానికేముంది అన్నాడు. నిజమే, గ్రానైట్ పరిచిన నేల, అటొకటి ఇటొకటి నీళ్ళ తొట్లు, పక్కన చలవరాతి గట్లు. రోడ్డు నుంచి మూడే మెట్లు, మోకాళ్ళ నొప్పులతో మా ఆవిడ కూడా ఇబ్బంది లేకుండా ఎక్కేసింది. కింద పరిచిన ఆ గ్రానైటే అద్దం దాటి లోపల లాబీలోకి సాగిపోతుంది, వీధి ఎక్కడ అయిపోయిందో ఆఫీసు ఎక్కడ మొదలైందో నేలని చూస్తే తెలీదు. మధ్యాహ్నం భోజనాల వేళ. గట్టు మీద నా పక్కన సైకిల్ హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని డెలివరీ కుర్రాడు డబ్బాలోంచి నూడుల్స్ తింటున్నాడు, వాడికి అవతల సూటు వేసుకున్న పెద్దమనిషి టై భుజం మీదికి వేసుకుని శాండ్‌విచ్ తింటున్నాడు. యూనిఫాం వేసుకున్న సెక్యూరిటీ అతను రెండుసార్లు మా ముందు నుంచే వెళ్ళాడు, ఎవర్నీ లేవమనలేదు. మనూళ్ళో పాత ఇళ్ళకి వీధి అరుగు ఉండేదే, దారినపోయేవాడు కూర్చుని కాసేపు సేదదీరి పోతే ఇంటివాళ్ళు ఏమీ అనుకునేవాళ్ళు కాదు, అచ్చం అలాగే. చిత్రం ఏమిటంటే ఆ గట్ల మీద జనం కూర్చుంటారని మీస్ అనుకోనే లేదట.

ఇది చూసి ఊరంతా ముచ్చటపడింది. 1961లో న్యూయార్క్ కొత్త రూల్ పెట్టింది. ముందు ప్లాజా, అంటే జనం తిరగడానికి ఖాళీ, వదిలితే పైన అదనంగా కట్టుకోనిస్తామంది, బాగా రద్దీ ఏరియాల్లో ఒక చదరపు అడుగు ఖాళీకి పది చదరపు అడుగుల దాకా. ఇంకేం, బిల్డర్లు ఎగబడ్డారు. ఖాళీ వదిలారు, పైన అంతస్తులు వేసుకున్నారు, కింద ఖాళీలో మాత్రం కూర్చోడానికి చోటు లేదు, నీడ లేదు, గట్టు ఉన్నచోట ఇనుప ముళ్ళు గుచ్చారు. రూల్లో ఖాళీ వదలమని ఉందిగానీ మనిషి కూర్చోవాలని లేదుగా. 1970ల్లో విలియం వైట్ అనే ఆయన కుర్రాళ్ళని వెంటేసుకుని మేడల మీద కెమెరాలు పెట్టి, ఏ ప్లాజాలో ఎంతమంది కూర్చుంటున్నారు, ఎక్కడ, ఎంతసేపు అని రోజుల తరబడి లెక్కలు తీశాడు. తేలిందేమిటంటే, కూర్చోడానికి చోటున్న చోట జనం కూర్చుంటున్నారు, లేనిచోట కూర్చోవడం లేదు. నవ్వకండి, ఈ మాట రుజువు చేయడానికి అంత కష్టపడాల్సి వచ్చింది. ఆ లెక్కలు చూశాకే 1975లో రూల్ మార్చారు, ప్రతి 30 చదరపు అడుగుల ప్లాజాకి ఒక అడుగు పొడవు కూర్చునే చోటు చూపించి తీరాలని.

ఇప్పుడు మన బందరు రోడ్డుకి వద్దాం. మీస్ దగ్గర మనం ఏం నేర్చుకున్నాం? అద్దం నేర్చుకున్నాం. 90 అడుగులు నేర్చుకోలేదు. పాత బిల్డింగ్‌కైనా సరే ముందు ఏసీపీ షీట్లు (అల్యూమినియం పలకలు) కొట్టి, నీలం అద్దాలు బిగిస్తే కార్పొరేట్ లుక్ వచ్చిందంటారు. న్యూయార్క్‌లో ఆర్నెల్లు చలి. మనది మే నెలలో 45 డిగ్రీలు దాటే ఊరు, బ్లేజ్‌వాడ అని పేరు పెట్టించుకున్న ఊరు. పడమటి ముఖం అద్దం వేసుకుని, ఎండకి తట్టుకోలేక లోపల కర్టెన్లు మూసుకుని, చీకటైందని పట్టపగలు ట్యూబులైట్లు వేసుకుని, వాటికి తోడు ఏసీ పద్దెనిమిదిలో పెట్టుకుని కూర్చుంటారు. బయట ఎండ అద్దం మీద కొట్టి ఎదుటి ఫుట్‌పాత్ మీద పడుతుంది. అక్కడ కొబ్బరిబోండాల బండి పెట్టుకున్నవాడికి రెండు సూర్యుళ్ళు. 1950ల్లోనే లె కార్బూజియే చండీగఢ్ సెక్రటేరియట్ కట్టినప్పుడు కిటికీల ముందు లోతైన కాంక్రీట్ గూళ్ళు పెట్టి, ఎండ గదిలోకి నేరుగా రాకుండా ఆపాడు. అంత దూరం ఎందుకు, మన పాత గవర్నమెంటు ఆఫీసులకి వెడల్పాటి వరండాలు, సన్‌షేడ్లు ఉండేవి, అవి గీసిన ఇంజినీర్ల పేర్లు కూడా ఎవరికీ తెలీదు.

అద్దం బాధ లోపలివాళ్ళది, కరెంటు బిల్లు వాళ్ళే కడతారు. కింద ఏం చేశామో చూడండి. బందరు రోడ్డు మీద ఒక కాంప్లెక్స్ ఉంది, పేరెందుకులెండి. పైన క్లినిక్కులు, ఒక కోచింగ్ సెంటరు, ఒక బ్యాంకు. సెట్‌బ్యాక్ అని ప్లాన్లో చూపించిన చోట జనరేటర్ కూర్చుంది. కార్లు సెల్లార్‌లోకి దిగే ర్యాంపు సగం ఫుట్‌పాత్‌ని తినేసింది, మిగతా సగం బైకులు. లిఫ్టు ఎక్కాలంటే ముందు ఎనిమిది మెట్లెక్కాలి, నునుపు గ్రానైట్, చేతికి రెయిలింగ్ లేదు. మెట్ల పక్కన గట్టు ఉండేది, జనం కూర్చుంటున్నారని దాని పొడుగునా బ్రహ్మజెముడు కుండీలు పేర్చారు. న్యూయార్క్ వాళ్ళవి ఇనుప ముళ్ళు, మనవి సహజమైనవి. ఆమధ్య అక్కడ ఒక పెద్దావిడ, ఎక్స్‌రే కవరు చంకలో పెట్టుకుని, ఎవరిదో స్కూటీ ఫుట్‌బోర్డు మీద కూర్చుని ఉంది. డాక్టరు గారు ఇంకా రాలేదట. వాచ్‌మన్ వచ్చి, అమ్మా బండి ఓనరు వస్తే నన్ను తిడతాడు లేవండి అన్నాడు. అతన్ని ఏమనగలం, అతనికీ కూర్చోడానికి కుర్చీ లేదు, ఎర్రటి ఎండలో నిలబడే డ్యూటీ. ఆ బిల్డింగ్ ఓపెనింగ్ రోజు ఫుల్‌పేజీ యాడ్ వచ్చింది, అద్దాలు తళతళా మెరుస్తూ.

వ్యాపారం చేసుకునేవాడు కోట్ల స్థలం వదిలేసి అరుగులు కట్టిస్తాడా అని ఎవరైనా అడగొచ్చు. అడగాల్సిన మాటే. సీగ్రామ్ వాళ్ళకి ఏం జరిగిందో చెప్తాను. అంత ఖర్చుపెట్టి కంచుతో కట్టి, ముందు అంత ఖాళీ వదిలితే, న్యూయార్క్ పన్నుల వాళ్ళు వచ్చే అద్దెను బట్టి కాకుండా కట్టడానికి అయిన ఖర్చు లెక్కన విలువ కట్టి పన్ను వేశారు. కంపెనీ కోర్టుకెక్కితే 1964లో పన్నుల వాళ్ళదే రైటని తీర్పొచ్చింది. నాసిరకంగా కట్టి ఉంటే పన్ను తగ్గేదన్నమాట. ఇలా ఉంటే ప్రైవేటువాడు తనంతట తాను ఎందుకు చేస్తాడు? చేయించాలంటే రూల్ ఉండాలి, ఆ రూల్ వైట్ గారు కనిపెట్టినట్టు కూర్చునే అడుగుల దాకా కొలిచి ఉండాలి. రూల్ని ముందుగా పాటించి చూపించాల్సింది గవర్నమెంటు. గవర్నమెంటు కడుతున్న టవర్లే కదా అమరావతివి. రైతులు 33 వేల ఎకరాలకు పైగా పూలింగ్‌కి ఇచ్చిన చోట, స్థలం చాల్లేదని ఎవరూ అనలేరు.

అమరావతి గవర్నమెంటు కాంప్లెక్స్‌కి డిజైన్లు ఇచ్చింది నార్మన్ ఫోస్టర్ గారి కంపెనీ. సెక్రటేరియట్ టవర్లకి డయాగ్రిడ్ పద్ధతి, అంటే బయటి వైపు ఏటవాలు ఉక్కు కమ్ములు ఒకదానికొకటి అడ్డంగా అల్లుకుని బరువు మోస్తాయి, లోపల పిల్లర్ల గొడవ తగ్గుతుంది. చూడ్డానికి బాగుంటుంది, కాదనను. అయితే ఇదే ఫోస్టర్ 1980ల్లో హాంకాంగ్‌లో హెచ్ఎస్‌బీసీ బ్యాంకు హెడ్డాఫీసు కట్టాడు. దాన్ని నేను చూళ్ళేదు గానీ ప్లాన్ చూశాను, మా బోటివాళ్ళకి ప్లాన్ చూస్తే చాలు. మొత్తం బిల్డింగ్‌ని కొద్దిపాటి స్తంభాల గుంపుల మీద వేలాడదీసి, నేలని ఖాళీగా వదిలేశాడు. కింద గ్రౌండ్ ఫ్లోర్ అనేది లేదు, ఆ వీధి నుంచి ఈ వీధికి బ్యాంకు కిందుగా నడిచి పోవచ్చు. బ్యాంకు పనున్నవాళ్ళు ఎస్కలేటర్ ఎక్కి పైకి పోతారు. ఆదివారం వచ్చిందంటే ఇళ్ళల్లో పనిచేసే ఫిలిప్పీన్స్ ఆడవాళ్ళు వందల్లో వచ్చి ఆ నీడన అట్టలు పరుచుకుని, తెచ్చుకున్నవి తింటూ, పేకాడుకుంటూ, ఊళ్ళో పిల్లలతో ఫోన్లు మాట్లాడుకుంటూ గడుపుతారు. ప్రపంచంలో పెద్ద బ్యాంకుల్లో ఒకటి, దాని కడుపు కింద పనిమనుషుల సెలవురోజు! అదే ఆర్కిటెక్టు మనకి గీసినప్పుడు కింద ఏం గీశాడో తెలుసుకోవాలని మనకి ఉండదా?

సెక్యూరిటీ అంటారు, నాకు తెలుసు. మంత్రులుండే చోట, సీఎం ఉండే చోట గట్ల మీద ఎవర్నీ కూర్చోనివ్వరు, బారికేడ్లు పెడతారు. సరే, పెట్టుకోండి. బారికేడ్ అవతల ఏముంటుందో చెప్పండి. శ్రీకాకుళం నుంచి రాత్రి రైలెక్కి అర్జీ పట్టుకుని వచ్చినవాడు, పాసు రాసి ఇచ్చేదాకా రెండు గంటలో మూడు గంటలో బయటే ఉంటాడు. అతనికి తల మీద కప్పు ఉంటుందా, మంచినీళ్ళు ఉంటాయా, ఆడవాళ్ళకి బాత్రూం ఎంత దూరం? ఇవి పైన ఎంత అల్లిక అల్లినా వచ్చేవి కావు, ప్లాన్లో గీస్తేనే వస్తాయి. కట్టేశాక వేసే రేకుల షెడ్డు ఎలా ఉంటుందో మనందరికీ తెలుసు.

నీళ్ళ సంగతి కూడా ఆ షీట్ మీదే ఉంటుంది. ఆ టవర్ల రాఫ్ట్ ఫౌండేషన్లు, అంటే అడుగంతా పరిచిన కాంక్రీట్ పునాదులు, పని ఆగిపోయి ఏళ్ళ తరబడి నీళ్ళల్లో నానాయి, మళ్ళీ మొదలుపెట్టేటప్పుడు ముందు మోటార్లు పెట్టి తోడాల్సి వచ్చింది, మీరే ఫోటోలు వేశారు. 2024 సెప్టెంబరులో బుడమేరు వచ్చినప్పుడు ఇక్కడ సింగ్‌నగర్ వైపు నీళ్ళలో ఉన్నవాళ్ళని అడగండి, కింద పెట్టిన మోటారు, మీటరు బోర్డు, జనరేటర్ మునిగితే పైన ఎన్ని అంతస్తులున్నా ఒకటే అని చెప్తారు. కరెంటు రూం నేల మట్టం నుంచి ఎంత ఎత్తులో పెట్టారన్నది ప్లాన్లో ఒక చిన్న అంకె. ఆ అంకె కోసం నేను పేజీలు తిప్పుతుంటే మీరు నాకు ఆకాశం చూపిస్తున్నారు.

నేను అడిగేది కష్టమైన పనేమీ కాదు. ప్లాన్ అంటే మామూలు పాఠకుడికి అర్థం కాదని మీ డెస్కులో ఎవరైనా అంటే నమ్మకండి. అపార్టుమెంట్ కొనేటప్పుడు మనవాళ్ళు బ్రోచర్లో బెడ్‌రూం ఎటు తిరిగిందో, వంటింటి గుమ్మం ఏ మూల ఉందో వాస్తు పండితుడి కంటే బాగా చదువుతారు. అలాంటివాళ్ళకి మెట్లు ఎన్ని, ర్యాంపు ఎటు, బస్టాపు నుంచి తలుపుకి ఎన్ని మీటర్లు, అందులో నీడ ఎంత, కూర్చునే చోటు ఎన్ని అడుగులు అని రాసి చూపిస్తే క్షణంలో పట్టేస్తారు. అమరావతి టవర్లతో మొదలుపెట్టండి. ఆ తర్వాత బందరు రోడ్డులో, ఏలూరు రోడ్డులో, గుంటూరు బ్రాడీపేట వైపు కొత్తగా లేచే ఏ కాంప్లెక్స్ గురించి వార్త రాసినా ఇలాగే చెయ్యండి. కట్టేవాళ్ళని ప్లాన్ అడిగి తీసుకుని వెయ్యండి. ఇవ్వం అంటే, అడిగాం ఇవ్వలేదు అని బొమ్మ కింద ఒక లైను వెయ్యండి, ఎలివేషన్ ఎంత పెద్దది వేసినా నాకు అభ్యంతరం లేదు.

ఇట్లు,
మీ పాత పాఠకుడు,
సూర్యారావుపేట, విజయవాడ